మైలేజీ లెక్క ఎవరిది?

"ఆటోమేటిక్ అయితే పెట్రోలు తాగేస్తుంది." కారు మారుద్దాం అన్నప్పుడల్లా మావారు చెప్పే మాట ఇదే. మీ ఇంట్లోనూ వినే ఉంటారు.

చిన్న ఆటోమేటిక్ కార్లలో చాలావాటికి ఉండేది ఏఎంటీ. గేర్‌బాక్స్ మామూలు కారుదే. క్లచ్ తొక్కడం, గేరు మార్చడం మాత్రం మనకు బదులు యంత్రం చేస్తుంది. 2014లో సెలెరియో ఈ పద్ధతితో వచ్చినప్పుడు కంపెనీ చెప్పిన మైలేజీ రెండు రకాలకీ ఒకటే, లీటరుకు 23.1 కిలోమీటర్లు.

సరే, ఊళ్లో ట్రాఫిక్‌లో తేడా వస్తుందనే అనుకుందాం. గేర్ల కారు 20 ఇస్తే ఇది 18 ఇస్తుందనుకోండి. నెలకు 500 కిలోమీటర్లు తిరిగినా అదనంగా అయ్యేది 3 లీటర్ల లోపే. కొనేటప్పుడు ధర ఎక్కువే, కాదనను.

మరి మా గేర్ల కారు సంగతి? నా మోకాలు క్లచ్ తొక్కలేదు కాబట్టి అది ఆదివారం దాకా గుమ్మం ముందే ఉంటుంది. అత్తయ్యగారిని ఆసుపత్రికి, పిల్లని ట్యూషన్‌కి నేను ఆటోలో తిప్పుతాను. ఆ ఆటో డబ్బులు మైలేజీ లెక్కలోకి ఎందుకు రావు?

కదలని కారు లీటరుకు ఎంత ఇస్తుందో ఎవరైనా చెప్పండి! ఈసారి షోరూముకి వెళ్తే స్టీరింగు ముందు మీరే కూర్చోండి. లెక్క కాగితం కూడా మీరే పట్టుకెళ్లండి.