తీరమునకు తొలి కావలి

కోటకు గోడలున్నవి, ద్వారములున్నవి. కావున కావలివారు ఎచ్చట నిలువవలయునో తెలియును. సముద్రమునకు గోడ లేదు, ద్వారము లేదు. ఇచ్ఛాపురము మొదలు పులికాటు వరకు సుమారు 1,000 కిలోమీటర్ల మన ఆంధ్రతీరమున ఏ పల్లెయొద్దనైనను రాత్రివేళ నొక పడవ యొడ్డు చేరవచ్చును. ఇట్టి తీరములను కాపాడు భారత తీరరక్షక దళము తన పనిని ఎంతవరకు నెరవేర్చుచున్నదో విచారించుట తీరవాసులమైన మనకు తగినపని.

ఈ దళము 1978వ సంవత్సరమున పార్లమెంటు చేసిన శాసనముచే ఏర్పడినది. “వయం రక్షామః” యనునది దాని ధ్యేయవాక్యము. నేడు దానికి 150కి పైగా ఓడలును, 70కి మించిన విమానములును గలవు. 1999లో సముద్రపు దొంగలు అపహరించిన అలోండ్రా రెయిన్‌బో యను జపానువారి ఓడను దళమువారి తారాబాయి నౌక వెంబడించగా, నౌకాదళముతో గూడి దానిని పట్టుకొనిరి. 2019 ఆగస్టులో విశాఖపట్టణము చేరువను ఒక నౌక అగ్నికి ఆహుతి కాగా అందలి 29 మందిలో 28 మందిని రక్షించిరి. తుపాను పుట్టినంతనే జాలరులను హెచ్చరించి వెనుకకు మరల్చుట మనమెల్లరము ఎరిగినదే. కావున నడిసముద్రమున వీరి సామర్థ్యమును శంకింప బనిలేదు.

అయినను 2008 నవంబరు 26వ తేదీ మరవరానిది. పదిమంది ముష్కరులు కరాచీనుండి బయలుదేరి, కుబేర్ అను మన చేపలపడవను పట్టుకొని, అందలివారిని చంపి, ముంబయి యొడ్డున చిన్న రబ్బరు పడవలో దిగిరి. ఓడలును రాడారులును కనిపెట్టలేనివారిని ఒడ్డున చూచి, ఎవరని ప్రశ్నించినవారు జాలరులు. ఆ ప్రశ్న వినిపించుకొనువారు లేకపోయిరి. 166 మంది మరణించిరి. ఆ పిమ్మట 2009లో తీరజలముల రక్షణభారము దళమునకు స్పష్టముగా ఒప్పగింపబడినది. ఒడ్డునకు దగ్గరి నీళ్లలో రాష్ట్రముల మెరైను పోలీసులు తోడైరి. తీరము పొడవున రాడారులు వెలసినవి. జాలరులకు గుర్తింపు కార్డులు వచ్చినవి. ఇది మెచ్చదగిన అభివృద్ధియే.

ఐనను లెక్క చూడుడు. మన దేశపు ఆర్థిక మండల సముద్రము 20 లక్షల చదరపు కిలోమీటర్లకు మించినది. ఉన్న ఓడలన్నియు ఒక్కమారే సముద్రముపై నిలిచినను, ఒక్కొక్కదానికి 13,000 చదరపు కిలోమీటర్లు వచ్చును. 20 మీటర్లకు మించిన పడవలకే తమ యునికిని తెలుపు యంత్రము విధింపబడినది. మన పల్లెల తెప్పలు, నావలు దానికి లోబడవు. ఇన్నిటి నడుమ ఏది తమవారి పడవయో, ఏది పరాయిదో ఒక్క చూపున చెప్పగలవాడు జాలరి యొక్కడే.

కాని ఆ జాలరిని మనము కావలివానిగా చూచుచున్నామా? 2018లో గుజరాతు తీరమునకు కూలికై పోయిన ఉత్తరాంధ్ర జాలరులు పాకిస్తానువారికి చిక్కి, 20 మంది 2020 జనవరిలో గాని ఇల్లు చేరలేదు. నీటిపై గీత కానరాదు. దానిని చూపు యంత్రము లేని పేదవానిని తప్పుపట్టుట న్యాయము కాదు. చీటీలడిగి నిలువరించుటకే గాక, కష్టసుఖములు విచారించుటకును రక్షకులు అతని పడవయొద్దకు రావలెను. భయపడువాడు చూచినది చెప్పడు. నమ్మినవాడు అర్ధరాత్రియైనను చెప్పును.

కావున నా యభిప్రాయ మిది: నడిసముద్రము బాగుగనే కాపాడబడుచున్నది; ఒడ్డు మాత్రము జాలరిని గౌరవించినంత మేరకే కాపాడబడును. తీరరక్షక దళమును పిలుచు 1554 అను సంఖ్యను, దిక్సూచిని చదువు విద్యను మన పల్లెలలో నేర్పుటకు విద్యార్థులమే పూనుకొనరాదా? గలిలయ తీరమున మన ప్రభువు మొదట పిలిచినది వలలు వేయువారినే గదా!