కోల్‌కతా ట్రాములు: దాచడమా, నడపడమా?

మీలో చాలామంది ట్రామును చూసి ఉండరు. రోడ్డులోనే, రోడ్డుకు సమానంగా పరచిన ఇనుప పట్టాల మీద నడిచే బండి అది. పైనున్న తీగ నుంచి పొడవైన కడ్డీ ద్వారా కరెంటు తీసుకుంటుంది. పొగ వదలదు. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద దొర్లుతుంది కనుక రాపిడి తక్కువ. అందువల్ల తక్కువ విద్యుత్తుతోనే చాలామందిని మోయగలదు.

ఈ బండి మన పెద్దలకు కొత్తది కాదు. మద్రాసులో 1895లోనే కరెంటు ట్రాములు మొదలయ్యాయి. చదువుకో, వ్యాపారానికో అక్కడికి వెళ్ళిన తెలుగువారు వాటిలో తిరిగినవారే. 1953 ఏప్రిల్‌లో అవి ఆగిపోయాయి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది ఆ ఏడాది అక్టోబరులోనే. బొంబాయిలో 1964లో ఆగాయి. ఢిల్లీ, కాన్పూరు ట్రాములు అంతకు ముందే పోయాయి. చివరకు మిగిలింది కలకత్తా, అంటే నేటి కోల్‌కతా ఒక్కటే.

అక్కడ 1873లో గుర్రాలు లాగే ట్రాము నడిచింది. 1902లో కరెంటు ట్రాము వచ్చింది. 1953లో రెండో తరగతి ఛార్జీ ఒక్క పైసా పెంచితే నగరమంతా కదిలి ఆందోళన చేసింది. పైసా ఎంత? కాని రోజూ పనికి వెళ్ళే మనిషికి అది లెక్కే. ట్రాము ఎవరి బండో దీన్నిబట్టి మీకు అర్థమవుతుంది.

2024 సెప్టెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఒక ప్రకటన చేసింది. ఎస్ప్లనేడ్ నుంచి మైదాన్ వరకు ఒక్క చిన్న దారిని వారసత్వ గుర్తుగా ఉంచి, మిగిలిన ట్రాములను ఆపేస్తామన్నది. నగర విస్తీర్ణంలో రోడ్లు ఆరు శాతమే ఉన్నాయని, ట్రాములు నిదానంగా నడిచి రద్దీని పెంచుతున్నాయని కారణం చెప్పింది.

ఈ మాటలో నిజం లేదని నేననను. ఇరుకు రోడ్డులో ట్రాము ముందు ఒక కారు ఆగితే ట్రాము పక్కకు తప్పుకోలేదు. వెనకున్న వాహనాలన్నీ నిలిచిపోతాయి. అయితే తప్పు ట్రాముదేనా? ఒకప్పుడు కొన్ని రోడ్లలో ట్రాములకు విడిగా దారి ఉండేది. తరువాతి కాలంలో ఆ దారిని కాంక్రీటు చేసి అన్ని వాహనాలకూ తెరిచారు. దారి తీసేసుకుని, నిదానంగా నడుస్తున్నావని నిందించడం ఏం న్యాయం?

ఇక వారసత్వం మాట. పచ్చిక మైదానం పక్కన సరదాకు ఎక్కి దిగే ట్రామును నేను ఆట వస్తువు అంటాను. పాత బండిని బాగుచేయాలంటే రంగు పూస్తే చాలదు. చెక్క పని, మోటారు పని, పట్టాల పని తెలిసిన చేతులు కావాలి. కోల్‌కతాలో నోనాపుకుర్ వర్క్‌షాపు ఇటువంటి పనులకే ఉన్నది. రోజూ బండ్లు నడిస్తేనే అటువంటి చోట పని ఉంటుంది, కొత్తవాడు పాతవాడి దగ్గర నేర్చుకుంటాడు. బండ్లు ఆగితే ఒక్క తరంలో ఆ విద్య పోతుంది. ఆ తరువాత మిగిలిన ఆ ఒక్క బండి చెడినా బాగుచేసేవాడు దొరకడు.

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో చెక్కతో చేసిన పాత ట్రాములను బ్రేకులు వంటివి మార్చి నగరం నడిబొడ్డున తిప్పుతున్నారు. టిక్కెట్టు కూడా లేదు. అదే నగరంలో కొత్త ట్రాములు వందల సంఖ్యలో నడుస్తాయి. కనుకనే పాతవాటికి పట్టా ఉంది, తీగ ఉంది, మెకానిక్ ఉన్నాడు. పాతది బతకడానికి కొత్తది తోడు కావాలి.

పట్టాల మీద తారు వేయడం ఆపమని 2025 జనవరిలో కలకత్తా హైకోర్టు చెప్పవలసి వచ్చింది. కనీసం నాలుగైదు మార్గాలలో, ట్రాములకు మళ్ళీ విడి దారి ఇచ్చి, జనం పనికి వెళ్ళే వేళల్లో నడపాలని నా అభిప్రాయం. మీకు ఇది సమ్మతం కాకపోవచ్చు. రోజూ బస్సు కోసం గంటసేపు నిలబడేవారు మీలో ఉంటే, వారి మాట వినాలని నాకుంది. మీ అభిప్రాయాన్ని కారణాలతో పది వాక్యాలలో రాయండి.