షాదీపూర్ ప్రశ్నకు జవాబుదారు ఎవరు?

అండమాన్ దీవుల ముఖ్యపట్టణంలో షాదీపూర్ అనే పేట ఉన్నది. 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం పోర్టు బ్లెయిర్ పేరును శ్రీ విజయ పురంగా మార్చినప్పటికీ, ఈ పేట పాత పేరుతోనే నిలిచి ఉన్నది. ద్వీపాంతరవాస శిక్ష అమలులో ఉన్న రోజులలో పెండ్లికి అనుమతి పొందిన ఖైదీలు కాపురాలు పెట్టిన చోటు గనుక దానికి ఆ పేరు వచ్చినదని స్థానికులు చెప్పుకొనే మాట. అటువంటి పేటలో నివసించే సామాన్యుడు ఈనాడు తన వీధిని గురించి, తన ఇంటివారి భద్రతను గురించి ఒక అభిప్రాయం చెప్పదలచుకొంటే, ఆ మాటను విని, నమోదు చేసి, తిరిగి జవాబు చెప్పవలసిన బాధ్యత ఎవరిమీద ఉన్నది? ఈ ప్రశ్నను ఈ సంచికలో మన సంఘాల ముందు ఉంచుతున్నాము.

వేతనాలు, పర్మినెంటు సమస్యలు, కాంట్రాక్టు పద్ధతి ఇన్ని మన నెత్తిమీద ఉండగా వీధి దీపాల గొడవ కార్మిక సంఘానికి ఎందుకని అడిగేవారు మనలోనే ఉన్నారు. కార్మికుడు ఎనిమిది గంటలు పనిస్థలంలో ఉంటాడు. మిగిలిన పదహారు గంటలు పేటలోనే ఉంటాడు. అతని పిల్లలు, ముసలి తల్లిదండ్రులు రేయింబవళ్లు అక్కడే ఉంటారు. గేటువద్ద పోరాడి సాధించుకొన్న నాలుగు రూపాయలు నీళ్ల ట్యాంకరుకు, పెరిగిన ఇంటద్దెకు చెల్లిపోతే ఆ సాధనకు అర్థం లేదు. రెండవ షిఫ్టు ముగించుకొని వచ్చే స్త్రీ చీకటి సందులో భయపడుతూ నడవవలసి వస్తే, పనిస్థలంలో ఆమెకు మనం సంపాదించిన గౌరవం సందు మొదట్లోనే ఆగిపోతున్నది.

షాదీపూర్ పుట్టుకలోనే ఈ ప్రశ్నకు మూలం కనబడుతుంది. 1858 మార్చిలో రెండు వందలమంది ఖైదీలతో పోర్టు బ్లెయిర్ శిక్షావాసం ప్రారంభమైనది. ఏళ్ల తరబడి చాకిరీ చేసి, మంచి నడవడి కలవాడని అధికారులచేత అనిపించుకొన్న ఖైదీకి స్వయంపోషకుడనే చీటీ ఇచ్చేవారు. అప్పుడతడు సొంతంగా సాగు చేసుకొనవచ్చును. స్త్రీ ఖైదీలలో ఒకరిని వివాహమాడవచ్చును. ఆ పెండ్లికి కావలసిన ముహూర్తం సర్కారు అనుమతియే. ఇల్లు, భూమి, సంసారం అన్నీ సత్ప్రవర్తనకు బహుమానాలు. దొరకు కోపం వస్తే తిరిగి లాగుకొనదగినవి. స్త్రీ అభిప్రాయానికి ఆ ఏర్పాటులో ఉన్న విలువ మరీ స్వల్పం. అక్కడ కాపురాలు వెలిశాయి, వీధులు వెలిశాయి, పిల్లలు పుట్టారు. హక్కు మాత్రం పుట్టలేదు.

అనుమతి స్థానంలో హక్కును నిలబెట్టే పోరాటం ఆ దీవులలోనే జరిగినది. సెల్యులర్ జైలులోని రాజకీయ ఖైదీలు 1933 మే 12న నిరాహార దీక్ష ప్రారంభించి 46 దినాలు సాగించారు. వారు అడిగినవి గదిలో దీపం, తినదగిన తిండి, చదువుకొనడానికి పుస్తకాలు, పత్రికలు వంటివి. బలవంతంగా ఆహారమెక్కించే ప్రయత్నాలలో, దాని పర్యవసానంగా మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మైత్రా అమరులైనారు. ఆ తరువాతనే సర్కారు దిగివచ్చి సౌకర్యాలు కల్పించినది. దీపం, నీరు, తిండి, పత్రిక చిన్న కోరికలని చెప్పేవారికి ఆ ముగ్గురి మరణమే సమాధానం. రంప పితూరీలో పట్టుబడిన మన మన్యం వీరులలో కొందరు కూడ ఈ దీవులలోనే శిక్ష అనుభవించారన్నది తెలుగువారు మరువదగని విషయం.

ఇక ఈనాటి పరిస్థితిని చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల జనాభా సుమారు 3 లక్షల 80 వేలు. అందులో దాదాపు నూటికి పదముగ్గురు తెలుగు మాతృభాషగా కలవారు. శ్రీకాకుళం నుండి విశాఖపట్నం వరకు గల తీరం నుండి ఓడలెక్కి వెళ్లిన బెస్తలు, నిర్మాణ కార్మికులు, కూలీలు వీరిలో అధికులు. పట్టణంలో బెంగాలీ, తమిళ, మలయాళ, హిందీ కుటుంబాలతో కలిసి ఒకే కుళాయి వద్ద బిందెలు పెట్టుకొంటున్నారు. దీవులకు శాసనసభ లేదు. లోక్‌సభకు ఒక్క సభ్యుడు. మిగిలిన పాలన అంతా లెఫ్టినెంట్ గవర్నరు చేతిలో, అధికారుల చేతిలో ఉన్నది. కనుక పట్టణవాసి ఓటుతో నేరుగా ఏర్పడి, అతనికి అందుబాటులో ఉన్న సంస్థ మునిసిపల్ కౌన్సిల్ ఒక్కటే. 2022 మార్చిలో దాని 24 వార్డులకు ఎన్నికలు జరిగాయి. ఆ ఎన్నికలలో తెలుగుదేశం పార్టీకి రెండు స్థానాలు వచ్చాయి. 2023 మార్చిలో ఆ పార్టీ సభ్యురాలే చైర్‌పర్సన్ పీఠమెక్కారు. అక్కడి తెలుగువారి ఓటుకున్న బరువు దీనివలన తెలుస్తున్నది. అయితే పీఠం ఏ పార్టీది అయినా, రెండు ఎన్నికల నడుమ వార్డు నివాసి మాటకు స్థానం ఎక్కడ అన్న ప్రశ్న అలాగే ఉన్నది.

రాజ్యాంగం ఏమి చెబుతున్నదో మన కార్యకర్తలు తెలుసుకోవలసిన అవసరమున్నది. 73వ సవరణ గ్రామంలోని ఓటర్లందరితో కూడిన గ్రామసభను గుర్తించినది. 74వ సవరణ ద్వారా వచ్చిన 243-ఎస్ అధికరణం మూడు లక్షలు, అంతకు మించిన జనాభా గల మునిసిపాలిటీలలో వార్డు కమిటీలు ఉండాలన్నది. దీవులన్నిటి జనాభాయే నాలుగు లక్షలకు లోపు. పట్టణ జనాభా లక్ష పైచిలుకు. కాబట్టి ఊరి పొలిమేర దాటి పంచాయతీలో ఉన్నవానికి గ్రామసభ ఉన్నది. హైదరాబాదులో, విశాఖలో ఉన్నవానికి కాగితం మీదనైనా వార్డు కమిటీ హక్కు ఉన్నది. షాదీపూర్ వాసికి ఈ రెండింటిలో ఏదీ రాజ్యాంగం తప్పనిసరి చేయలేదు. ఇది మన చిన్న పట్టణాలన్నిటి దుస్థితి. అయితే అదే అధికరణం అదనపు కమిటీలను ఏర్పరచడానికి అడ్డు చెప్పడం లేదు. కేరళ రాష్ట్రం మూడు లక్షల అంకె కోసం కాచుకొని కూర్చోలేదు. చిన్న పట్టణాల వార్డు సభలకు తన మునిసిపల్ చట్టంలోనే చోటు కల్పించినది. సంకల్పం ఉంటే మార్గమున్నదని దీనివలన రుజువవుతున్నది.

నీటి సంగతి చూడండి. ఏటా సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వర్షం కురిసే ఊరిలో వేసవి వచ్చేసరికి కుళాయి నీరు రోజు విడిచి రోజు, కొన్నిసార్లు అంతకన్న ఎడంగా వస్తుంది. ధనిఖారీ జలాశయమే ప్రధానాధారం. అది అడుగంటితే ఊరు ఎండుతుంది. నీరు ఏ వేళకు వస్తుందో తెలియనప్పుడు ఇంటికొకరు పని మానుకొని కూర్చోవాలి. దినవేతనం మీద బ్రతికే కుటుంబానికి అది ఒక రోజు కూలి నష్టం. అర్ధరాత్రి నీరు వదిలితే అర్ధరాత్రి వీధిలో నిలబడేది ఆడవారు. బిందెల దగ్గర మాటా మాటా పెరిగి తలలు పగిలితే అది పోలీసు కేసు అవుతుంది. పోలీసు పుస్తకంలో అది కొట్లాట. మునిసిపల్ పుస్తకంలో నీటి కొరత. పేటవాసికి అది ఒకే కష్టం. పౌర సౌకర్యాలు ఒక కార్యాలయానికి, నేరాలు మరొక కార్యాలయానికి పంచిపెట్టి, రెండింటినీ కలిపి వినే చోటు లేకుండా చేయడమే అసలు లోపం.

ఆ నీరు వదిలేవాడు, చెత్త ఎత్తేవాడు, స్తంభమెక్కి బల్బు వేసేవాడు మన కార్మికుడే. దీవులలో ఇటువంటి పనులు చేసే దినవేతన మజ్దూర్ల జీతాల వివాదం 2023లో సుప్రీంకోర్టు వరకు వెళ్లినది. నిర్ణయం చేసేవాడు కనబడనప్పుడు నివాసుల కోపమంతా ఎదుట కనబడే ఈ మజ్దూరు మీద పడుతుంది. అధికారి సభలో నిలబడి లెక్క చెప్పవలసి వచ్చిననాడే అతని మీది అన్యాయపు నింద తొలగుతుంది.

మాదకద్రవ్యాల విషయం ఇంకను తీవ్రమైనది. 2024 నవంబరులో బారెన్ ద్వీపం సమీపాన తీరరక్షక దళం ఒక పడవ నుండి ఆరు టన్నులకు చేరువగా మెథాంఫెటమిన్ పట్టుకొన్నది. అందులోని ఆరుగురు మయన్మార్ దేశీయులు అరెస్టయినారు. సముద్రంలో పట్టుకొనేది తీరరక్షక దళం పని. వీధి మలుపులో ఎవరి బిడ్డ చెడు సావాసంలో పడుతున్నాడో ముందుగా గ్రహించేది పొరుగింటి తల్లి. ఆమె భయం లేకుండా చెప్పగల వేదిక లేనప్పుడు, చెప్పినందువలన తన ఇంటికే ముప్పు వస్తుందని తోచినప్పుడు, ఆమె నోరు మూసుకొంటుంది. ఆ మౌనమే అమ్మకందారుకు పెట్టుబడి.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. నేరాలను గురించి పేటవాసులు కూడినప్పుడు మాట తేలికగా కొత్తవారి మీదికి పోతుంది. నిన్న ఓడ దిగిన కూలీ, అద్దె ఇంటివాడు, వేరే భాషవాడు ముద్దాయి అవుతాడు. కులాలకు కులాలనే నేరస్థులుగా ముద్ర వేసిన 1871 నాటి చట్టం కింద నలిగిన భాంతూలను 1920వ దశాబ్దిలో ఉత్తర హిందూస్థానం నుండి తెచ్చి ఈ దీవులలోనే దించారు. మన బాపట్ల దగ్గరి స్టువర్టుపురంలో ఎరుకల కుటుంబాలను అదే చట్టం నీడలో ఉంచారు. 1952లో చట్టం రద్దయినది. ముద్ర తొలగడానికి తరాలు పట్టుతున్నది. ఖైదీల కాపురాలతో వెలసిన పేటకు మనిషి నుదుట ముద్ర వేయడం ఎంత తప్పో ఇంకొకరు నేర్పనక్కరలేదు. కాబట్టి మనం కోరే సభ వ్యక్తులను దూషించే పంచాయితీ కారాదు. అది లెక్క అడిగే సభ కావాలి.

మన కోర్కెలు స్పష్టం. ప్రతి వార్డులో మూడు నెలలకొకసారి బహిరంగ సభ జరగాలి. సొంత ఇంటివారితో సమానంగా అద్దెదారులకు, వలస కార్మికులకు మాట్లాడే హక్కు ఉండాలి. ఒకే సభలో మునిసిపల్ అధికారి, నీటి సరఫరా అధికారి, పోలీసు అధికారి కూర్చోవాలి. చెప్పిన ప్రతి ఫిర్యాదు వ్రాతలోనికి ఎక్కాలి. వచ్చే సభలోగా దానిమీద తీసుకొన్న చర్య, తీసుకొనకపోతే కారణం చదివి వినిపించాలి. తెలుగు, బెంగాలీ, తమిళం, మలయాళం మాట్లాడేవారు తమ భాషలో చెప్పుకొనే వీలుండాలి. స్త్రీల ఫిర్యాదులు పేరు బయటపడకుండా స్వీకరించే ఏర్పాటు ఉండాలి. వీటిలో దేనికీ కోట్లాది రూపాయలు అక్కరలేదు. కావలసినదల్లా అధికారికి కుర్చీ, నివాసికి గొంతు, మధ్యను ఒక రిజిస్టరు.

చట్టం వచ్చేవరకు మన సంఘాలు చేతులు ముడుచుకొని కూర్చోనవసరం లేదు. దీవులలోని సంఘాలు తమ సభ్యులు నివసించే వార్డులను గుర్తించి, మొదటి సభలను తామే పిలవాలి. కౌన్సిలర్‌ను, అధికారులను వ్రాతమూలకంగా ఆహ్వానించాలి. రాకపోతే ఆ ఖాళీ కుర్చీలను కూడ నమోదు చేయాలి. ఖరగ్‌పూర్ రైల్వే పేటలలో, భివండీ మగ్గాల వీధులలో, సూరత్ నేత బస్తీలలో ఉన్న మన తెలుగు కార్మికులకు కూడ ఇదే పని వర్తిస్తుంది. పేట ఎక్కడున్నా ప్రశ్న ఒక్కటే.

అనుమతితో మొదలైన కాపురాలకు నూరేళ్లు దాటినవి. అడిగిన మాటకు జవాబు పొందే హక్కు ఆ వీధులకు ఇంకను చేరవలసి ఉన్నది. దానిని చేర్చే భారం మన సంఘాలది. రాబోయే జిల్లా, ప్రాంతీయ మహాసభల అజెండాలలో ఈ అంశాన్ని చేర్చవలసినదిగా అన్ని శాఖలను కోరుతున్నాము.