ఫైల్లో పడిన పరిశోధన

52 లోంచి 37 తీసేయమంటే మూడో తరగతి పిల్లల్లో చాలామంది 25 అని రాస్తారు. 7లోంచి 2, 5లోంచి 3. అంకె పైనున్నా కిందున్నా పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయడమే వాళ్ల పద్ధతి. టీచరు ఎర్ర ఇంకుతో కొట్టేసి తర్వాతి లెక్కకు వెళతారు. అలా వెళ్లకుండా నాలుగు నోట్‌బుక్కులు ముందేసుకుని, పిల్లల చేత పైకి చెప్పిస్తూ లెక్క చేయించి, ఇది పరాకు కాదు, వాళ్లు సొంతంగా తయారుచేసుకున్న సూత్రమని కనిపెడితే? పుల్లల కట్టలతో మళ్లీ నేర్పి, నెల తర్వాత అలాంటి లెక్కలే ఇచ్చి చూస్తే? పక్కూరి బడిలోనూ ఇదే తప్పు వస్తోందా అని వాకబు చేస్తే? విద్యాశాఖ భాషలో దాన్నే క్రియాత్మక పరిశోధన అంటారు. పేరు బరువుగా ఉంటుంది గానీ పని ఇంతే.

ఇది ఎవరికీ తట్టని ఆలోచనేం కాదు. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత జిల్లాల్లో పెట్టిన డైట్‌లకు అప్పగించిన మూడు బాధ్యతల్లో ఇదొకటి. శిక్షణ, బడులకు తోడ్పాటు మిగతా రెండు. కానీ చాలాచోట్ల అధ్యాపక పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీ. ఉన్నవాళ్లకు శిక్షణ తరగతులతోనే సరిపోతుంది. దాంతో పరిశోధన ఓ నివేదికగా కుదించుకుపోయి బీరువా చేరింది. ఏ టీచర్ల గురించి రాశారో వాళ్లు దాన్ని చదివే అవకాశమే తక్కువ.

ఉపాధ్యాయుడూ శాస్త్రవేత్తా పక్కపక్కన కూర్చుంటే ఏమవుతుందో మధ్యప్రదేశ్ చూసింది. కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు స్వచ్ఛంద సంస్థలు 1972లో హోషంగాబాద్ జిల్లాలో 16 మాధ్యమిక పాఠశాలల్లో ప్రయోగాల ద్వారా సైన్సు నేర్పడం మొదలుపెట్టాయి. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్, ఢిల్లీ విశ్వవిద్యాలయం నుంచి శాస్త్రవేత్తలు, ఆచార్యులు వచ్చి పల్లెటూరి టీచర్లతో కలిసి ప్రయోగాలు చేశారు. 1978లో జిల్లా అంతటికీ పాకిన ఆ కార్యక్రమాన్ని 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ తర్వాత ముందుకు తీసుకెళ్లింది.

అందులో అసలు విశేషం కిట్లు కాదు, నెలవారీ సమావేశాలు. ఏ ప్రయోగం తరగతిలో బెడిసికొట్టిందో, పిల్లలు ఏమడిగితే జవాబు దొరకలేదో టీచర్లు అక్కడ చెప్పేవారు. ఆ అనుభవాలను బట్టి 'బాల్ వైజ్ఞానిక్' పాఠ్యపుస్తకాలు మారాయి. శిక్షణ పొందిన టీచర్లే కొందరు శిక్షకులయ్యారు. పరీక్షా మారింది: పిల్లలు పుస్తకం తెరిచి రాయొచ్చు, ప్రయోగం మాత్రం చేసి చూపాలి. దాదాపు వెయ్యి బడులకు విస్తరించిన ఆ కార్యక్రమాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2002లో మూసేసింది. మూడు దశాబ్దాల్లో పోగైన అనుభవాన్ని ఒక ఉత్తర్వు పక్కకు నెట్టింది. సర్కారు తలుచుకుంటే ఎంత వేగం!

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కూ ఇలాంటి ముచ్చట ఉంది. 1980లలో బ్రిటన్ సాయంతో ప్రారంభమైన ఏపీపీఈపీ ప్రాథమిక విద్యా పథకం టీచర్ల కోసం కేంద్రాలు పెట్టింది. కృత్యాలను టీచరే రూపొందించాలన్నది దాని సూత్రాల్లో ఒకటి.

ఇప్పటి దారి వేరు. 2019లో మొదలైన 'నిష్ఠ' దేశవ్యాప్తంగా సుమారు 42 లక్షల మందికి శిక్షణ ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. ఒకరు పదిమందికి, ఆ పదిమంది వందమందికి చెప్పే పద్ధతి. కరోనా కాలంలో 2020లో అదీ ఆన్‌లైన్‌కు మళ్లింది. అంత సంఖ్యను అందుకోవడానికి మరో మార్గం కష్టమే, ఒప్పుకోవాలి. కానీ ఈ ప్రవాహం పైనుంచి కిందికే. తరగతిలో తెలిసింది పైకెక్కే మెట్లు లేవు. ఏటా కనీసం 50 గంటల వృత్తిపర అభివృద్ధి ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. ఆ గంటలు వీడియోలు చూసి సర్టిఫికెట్ పుచ్చుకోవడానికేనా, పక్క టీచరు తరగతిలో కూర్చుని గమనించడం కూడా లెక్కకొస్తుందా అన్నదే ముఖ్యం.

కొత్త సంస్థలేవీ అక్కర్లేదు. రెండు రాష్ట్రాల్లోనూ స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలున్నాయి. వాటి ఎజెండాలో ఓ గంట టీచర్లకే వదిలేయొచ్చు. డైట్ అధ్యాపకుడు ఏడాది పొడవునా అదే బడికి వెళ్లేలా, నివేదిక మీద టీచరు పేరు కూడా ఉండేలా చూడొచ్చు. దానికి కావాల్సింది నిధుల కన్నా ముందు ఖాళీల భర్తీ.