పదునుపిచ్చి

మురుగమల్ల దర్గా వీధిలో చాయ్ తాగేటప్పుడు పోసేవాడి చేతికేసి చూడండి. గిన్నె మూతి గుండ్రంగా మడిచి ఉంటే, నెమ్మదిగా వంచినప్పుడు చాయ్ గ్లాసులో పడదు. మూతిని కరుచుకుని గిన్నె కిందుగా పాకి పొయ్యిలోకి కారిపోతుంది. మూత కోసేసిన రేకు డబ్బాలోంచి వంచితే అదే చాయ్ ఠక్కున తెగి గ్లాసులో పడుతుంది. గుండ్రం నీటిని పట్టుకుంటుంది, పదును వదిలేస్తుంది. సర్ఫ్ బోర్డు అంచు మీద నాకున్న తగాదా అంతా ఇదే.

బయలుసీమ వాడికి సముద్రంతో ఏం పనని అడుగుతారేమో. అటు మద్రాసు తీరం, ఇటు మంగళూరు తీరం మాకు ఒక రాత్రి ప్రయాణం. బెంగళూరులో ఉద్యోగాలకు చేరిన మా కుర్రాళ్లు సెలవు దొరికితే కోవళమనో ముల్కి అనో పోతున్నారు. నాలుగుసార్లు అలల మీద నిలబడగానే సొంత బోర్డు చేసుకుంటామని థర్మాకోల్ దిమ్మ ముందేసుకుని కూర్చుంటున్నారు. సంతోషమే. బోర్డు పక్క అంచును ఆ విద్యలో రెయిల్ అంటారు. మా వైపు రైలంటే చింతామణి స్టేషన్లో ఆగేదే కాబట్టి నేను అంచు అనే రాస్తాను.

ఈ కుర్రాళ్లందరిదీ ఒకటే పాట: అంచు ఎంత పదునైతే బోర్డు అంత జోరు. ముక్కు నుంచి తోక దాకా కత్తిలా చెక్కేస్తారు. అడిగితే పోటీల వీడియో చూపిస్తారు. "ఒలింపిక్స్ వాళ్ల బోర్డులు చూడన్నా" అంటారు.

చూశాను. వాళ్లే సరిగా చూడలేదు. పోటీ బోర్డుల మీద గట్టి పదును తోక దగ్గరే ఉంటుంది. అక్కడి నుంచి ముందుకు వచ్చేకొద్దీ ఆ గీత అడుగువైపు ముడుచుకుపోతుంది, పక్క మెత్తబడుతుంది. ముక్కు దగ్గరికి వచ్చేసరికి వేలికి తగిలేది గుండ్రమే. వీడియోలో మెరిసేది తోక, అది నీళ్లు చిమ్ముతుంది కనుక. మిగతా బోర్డు చేసే పని కెమెరాకు దొరకదు.

బోర్డు నిజానికి రెండు పడవలు. చేతులతో తెడ్డు వేసుకుంటూ అల కోసం పోతున్నంతసేపూ అది తెప్ప. విశాఖ జాలరులు తరతరాలుగా దుంగలు కట్టి, ఒడ్డున విరిగే అలలను దాటిన తెప్పకు పక్కన కత్తి అంచు ఉండదు. నీళ్లను కోయడం దాని పని కాదు, నీళ్లు దాన్ని ఒరుసుకుంటూ పోవాలి. అల ఎత్తుకున్నాక బోర్డు రెండో పడవ అవుతుంది. చెరువు మీద పెంకు విసిరితే కప్పగంతులు వేసినట్టు, నీళ్ల మీద జారుతుంది. అప్పుడు తోక కింద నీళ్లు పక్కకెక్కి అంటుకుంటే వెనక్కి లాగుతాయి, తెగిపోతే బోర్డు వదులవుతుంది. కుర్రాళ్ల మాటలో ఇంతమటుకు నిజం. తోకకు చెప్పిన మాటను బోర్డంతటికీ పూయడంలోనే వస్తుంది చిక్కు.

అల వాలు మీద అడ్డంగా పోతున్నప్పుడు ఒక పక్క అంచు నీటిగోడలో దిగి ఉంటుంది. అక్కడ గుండ్రం ఉంటే నీళ్లు దాన్ని చుట్టుకుని పైకెక్కి, బోర్డును గోడకే అదిమి పడతాయి. చాయ్ గిన్నెను కరుచుకున్నట్టే. ఆ చోట పదును పెట్టారనుకోండి, పట్టు పోతుంది. పైగా కాలు కాస్త తప్పటడుగు వేయగానే ఆ పదును నీళ్లలో దిగబడి బోర్డు అక్కడికక్కడే ఆగుతుంది, మనిషి ఆగడు. నా మోకాలి మీది మచ్చ అలాంటి బోర్డు ఇచ్చిందే.

పట్టు లేకపోతే ఏమవుతుందో హవాయి వాళ్లకు బాగా తెలుసు. వైకీకీ పలకలకు అప్పట్లో కింద రెక్క ఉండేది కాదు, నిటారు అలల మీద వెడల్పు తోక పక్కకు జారిపోయేది. 1937లో హోనొలులు కుర్రాళ్లు జాన్ కెల్లీ, అతని స్నేహితులు ఆ విసుగుతో తోకను గొడ్డలితో సన్నగా చెక్కి, అడుగును పడవ అడుగులా కోసు చేశారు. తోక నీళ్లలో దిగి పట్టు చిక్కింది. 'ఎండ్‌లెస్ సమ్మర్' సినిమాలో కనబడే మైక్ హిన్సన్ వంటివాళ్లు 1960ల చివర అంచును కిందికి దించి జోరు పెంచారు. పదునుపిచ్చికి మూలం అదే. అయితే వాళ్ల ముందు నిటారుగా లేచే, బలమైన అలలున్నాయి. విశాఖ రుషికొండలో మామూలు రోజున ఇసుక మీద మెత్తగా కూలే అలకు, వారానికోసారి వచ్చే డెబ్భై కిలోల మనిషికి ఆ లెక్క కుదరదు.

అంకెల్లో చెప్పాలంటే, అంచు కొన మందానికి సరిగ్గా మధ్యలో ఉంటే 50/50 అంటారు, అడుగుకు దగ్గరగా దిగితే 80/20. కొత్త చేతికి నడుము దగ్గర 60/40 చాలు. మరీ డబ్బాలా మందంగా ఉంచినా బోర్డు పక్కకు వాలనని మొరాయిస్తుంది, అది వేరే గోల.

బోర్డులు చేసే పనివాళ్లు చెప్పేది ఇంకొకటుంది, ఈ కుర్రాళ్లు వినరు. కత్తి అంచు మీద ఫైబర్‌గ్లాస్ గుడ్డ మడత పడదు, ఎత్తుకుని కింద గాలి చిక్కుతుంది. అందుకని తెలిసినవాడు దిమ్మలో పదును చెక్కడు. గుండ్రంగానే ఉంచి, గుడ్డ అతికాక అంచు వెంట టేపుతో గట్టు కట్టి, రెసిన్ పోసి, ఆరాక ఉప్పుకాగితంతో పదును తీస్తాడు. పదును ఎప్పుడైనా చేర్చుకోవచ్చు. చెక్కేసిన థర్మాకోల్ మళ్లీ రాదు.

ఎంత దూరం కట్టాలా గట్టు? తోక కొస నుంచి ఒకటిన్నర అడుగు. అక్కడితో టేపు చింపేయండి.