వియ్యపువారితో భోజనము



మన ఖానాపూర్‌లో చుట్టములంటే జగిత్యాల నుండియో, నిజామాబాదు నుండియో వస్తారు; మరీ దూరమైతే బొంబాయి. గత క్రిస్మస్‌కు మాత్రము మన సంఘములోని ఒక ఇంటికి పోలండు దేశమునుండి వియ్యపువారు వచ్చారు. ఆ యింటి కుమారుడు అక్కడికి చదువుకు వెళ్ళి, ఉద్యోగములో కుదిరి, అక్కడి పిల్లనే వివాహమాడాడు. వారి కూతురికి నాలుగేండ్లు. నాయనమ్మ, అమ్మమ్మ, ఇద్దరు తాతలు ఒక్క కప్పు క్రింద ఉండుట ఆ బిడ్డ చూడటము అదే మొదటిసారి.

వారు రాకముందే ఇక్కడి తల్లికి నిద్ర లేదు. సోఫా, బల్ల, కుర్చీలు కొనుటకు మూడు రూపాయల వడ్డీకి అప్పు మాట్లాడినట్టు తెలిసి మేము వెళ్ళి వద్దన్నాము. "ఇజ్జత్ పోతది అయ్యగారూ" అన్నది. ఈ ఇజ్జత్ మన పల్లెలలో ఎన్ని పత్తి పంటలను మింగిందో దేవునికే తెలుసు! చివరకు చర్చి బల్లను, కుర్చీలను పంపించాము.

"వాళ్ళు రోమన్ కేథలిక్కులు కదా" అని సంఘములో కొందరు గుసగుసలాడారు. ఆతిథ్యమును గూర్చి రోమా పత్రిక 12వ అధ్యాయము చదివినవారికి జవాబు అక్కడే ఉన్నది. మన దేశమువారు కూడ పూర్వము అట్లే చేశారు. రష్యాలో చెరననుభవించి బయటపడిన పోలండు పిల్లలకు 1942లో జామ్‌నగర్ రాజు దిగ్విజయ్‌సింహ్‌జీ బాలాచడిలో ఆశ్రయమిచ్చాడు. కొల్హాపూర్ దగ్గర వలివడేలో 1943 నుండి 1948 వరకు సుమారు 5 వేలమంది పోలండువారు బ్రదికారు. వార్సా నగరములో ఒక కూడలికి 'మంచి మహారాజు' అని పేరు పెట్టుకొన్నారు. మళ్ళీ 2022లో ఉక్రెయిన్ యుద్ధము మొదలైనప్పుడు మన తెలుగు వైద్యవిద్యార్థులలో ఎందరో పోలండు సరిహద్దు దాటియే ప్రాణములతో ఇల్లు చేరారు.

ఇక షికార్లు. కడెం ప్రాజెక్టు చూశారు, గోదావరిమీద సదర్‌మాట్ ఆనకట్ట చూశారు. నిర్మల్‌లో పొనికి చెక్కతో బొమ్మలు చేయు చోట మనుమరాలు కదలనన్నది. ఆ పోలండు తాత మాత్రము చేపలు అమ్మేచోట నిలిచిపోయాడు. అక్కడ బంగారుతీగ చేప ఉన్నది. వారి దేశములో క్రిస్మస్ ముందురాత్రి మాంసము ముట్టరు, చేప తింటారు. ఆ చేప ఇదే. రెండు కిలోల చేపను తానే మోసుకొని వచ్చాడు.

ఇంటిలో వియ్యపురాండ్రు ఇద్దరు వంటింటి నేలమీద కూర్చున్నారు. ఈమె గరిజెలు చేస్తూ ఉంటే ఆమె చూసి నవ్వింది. వారి పియెరోగి కూడ అట్లే మడిచి అంచు నొక్కుతారు. లోపల కొబ్బరి చక్కెరకు బదులు బంగాళదుంపయో, క్యాబేజీయో పెడతారు. ఒకరి భాష ఒకరికి రాదు. పని మాత్రము ఆగలేదు. కారము సంగతి చెప్పనక్కరలేదు. పచ్చిపులుసుకు ఆమె కండ్లలో నీళ్ళు వచ్చాయి, అయినా రెండవసారి పోయించుకొన్నది.

24వ తేదీ సాయంత్రము మేమును పిలువబడ్డాము. తొలి నక్షత్రము కనబడేదాక వారు బల్లదగ్గరకు రారు. మనుమరాలు వాకిట నిలిచి చుక్కను చూసి కేకవేసింది. బల్లమీద ఒక పళ్ళెము ఎక్కువ ఉన్నది. "ఎవరొస్తున్నరు వదినె?" అని ఇక్కడి తల్లి అడిగితే, దారి తప్పి ఎవరు వచ్చినా వారికి అని కోడలు చెప్పింది. అది వారి ఆచారము. తరువాత పలుచని గోధుమపిండి అప్పడము వంటిది తీశారు. యేసు జననపు బొమ్మ దానిమీద అచ్చువేసి ఉన్నది. ఇది ప్రభురాత్రి భోజనపు రొట్టె కాదు, ఇంటి ఆచారము. గనుక ఎవరును అనుమానపడనక్కరలేదు. ఒక్కొక్కరు ప్రతి ఒక్కరితోను దానిని విరిచి, దీవించి, ఆ తరువాతనే భోజనము చేస్తారు.

అప్పుడు లెక్క తప్పింది. ఇంటి యజమానురాలు ఎక్కడ? పొయ్యిదగ్గర. "మీరు తినుండ్రి, నేను వడ్డిస్త" అన్నది. ఆ అమ్మమ్మ అప్పడము చేతపట్టుకొని నిలబడే ఉన్నది. తాత నిలబడ్డాడు. చేప చల్లారుచున్నది. భర్త వెళ్ళి పిలిచినా ఆమె రాలేదు. చివరకు మనుమరాలు వెళ్ళి కొంగు పట్టి లాక్కొని వచ్చింది. ఆమె ఏడ్చింది. సంతోషమో సిగ్గో మేము అడుగలేదు.

ఆదికాండము 18లో అబ్రాహాము అతిథులకు వడ్డించి చెట్టుక్రింద నిలిచాడు. శారా గుడారములో ఉన్నది. పిండి పిసుకుమని ఆమెకు చెప్పినవాడు భర్తయే. భోజనమైన తరువాత ఆ అతిథులు మొదట అడిగినది శారా ఎక్కడ అని. ఆ వాక్యము మీద మేము ఎన్నో ప్రసంగములు విన్నాము. ఆ ప్రశ్న దగ్గర ఎవరును ఆగలేదు.

మొన్న స్త్రీల కూడికలో ఈ సంగతి చెప్పగా చాలమంది నవ్వారు. వెనుక కూర్చున్న ఒక పెద్దమ్మ మాత్రము, పెండ్లయి నలుబదియేండ్లాయె, చుట్టము వచ్చిన దినమున తాను వేడి అన్నము తిన్నది లేదని చెప్పింది.