వెంట్రుకవాసి తేడా.. గగనతలంలో ముప్పు

విమానం కూలిందన్న వార్త రాగానే అందరి అనుమానమూ పైలట్‌ మీదికో, వాతావరణం మీదికో, ఇంజిన్‌ మీదికో పోతుంది. అంతకుముందు హ్యాంగర్లో ఎవరు ఏ పని చేశారన్న ప్రశ్న చివరికిగాని రాదు. అద్దం మార్చడం, గ్రీజు పూయడం, పైభాగాన్ని కడిగి తుడవడం వంటి నిత్యకృత్యాల్లో దొర్లిన పొరపాట్లే కొన్ని ఘోరాలకు మూలమని దర్యాప్తు నివేదికలు చాటుతున్నాయి. తప్పు చేసిన చేయి ఒక్కటే అయినా, దానికి దారితీసిన లోపాలు అనేకమని వాటిని నిశితంగా పరిశీలిస్తే అర్థమవుతుంది.

84 బోల్టులు.. ఒకే పొరపాటు

1990 జూన్‌ 10 ఉదయం బ్రిటిష్‌ ఎయిర్‌వేస్‌ విమానం 81 మంది ప్రయాణికులతో బర్మింగ్‌హామ్‌ నుంచి స్పెయిన్‌లోని మలగాకు బయల్దేరింది. 17,300 అడుగుల ఎత్తున కాక్‌పిట్‌ ఎడమవైపు అద్దం ఒక్కసారిగా ఊడిపోయింది. లోపలి గాలి ఒత్తిడికి కెప్టెన్‌ టిమ్‌ లాంకాస్టర్‌ శరీరం సగం బయటికి వెళ్లిపోయింది. సహచర సిబ్బంది ఆయనను పట్టుకుని ఉండగా, కో-పైలట్‌ అలిస్టర్‌ అచిసన్‌ విమానాన్ని సౌతాంప్టన్‌లో దించారు. కెప్టెన్‌ సహా అందరూ ప్రాణాలతో బయటపడ్డారు.

ఆ అద్దాన్ని 27 గంటల ముందే కొత్తగా అమర్చారు. దాన్ని పట్టి ఉంచే 90 బోల్టుల్లో 84 ఉండాల్సిన వ్యాసం కంటే 0.026 అంగుళం సన్నవి. అంటే తేడా ఒక మిల్లీమీటరైనా లేదు! మిగతా ఆరూ పొడవు తక్కువైనవి. బోల్టులు బిగించింది అనుభవం లేనివారు కాదు, రాత్రి షిఫ్టుకు బాధ్యుడైన మేనేజరే. సిబ్బంది తక్కువగా ఉండటంతో ఆయన స్వయంగా ఆ పనికి పూనుకున్నారు. విడిభాగాల పుస్తకం చూడకుండా, పాత బోల్టును పక్కన పెట్టుకుని కంటి అంచనాతో కొత్తవి ఏరుకున్నారు. సరైన రకం ఏదో స్టోర్‌కీపర్‌ చెప్పినా, పాత బోల్టుపైనే నమ్మకముంచారు. ఏరిన చోట వెలుతురు చాలలేదు. అది శరీరం నిద్ర కోరే తెల్లవారుజాము వేళ.

అసలు విశేషం మరొకటుంది. నమూనాగా తీసుకున్న పాత బోల్టులే సరైనవి కావు. అంతకుముందెప్పుడో జరిగిన తప్పు ఏళ్ల తరబడి బయటపడలేదు కనుక అదే కొలమానమైపోయింది. అద్దం మార్పును మరొకరు తప్పనిసరిగా సరిచూడాల్సిన పనుల జాబితాలో చేర్చనేలేదు. చేసినవారూ, సరిగా ఉందని సంతకం పెట్టినవారూ ఒక్కరే కావడంతో పొరపాటును పట్టుకునే రెండో కన్ను లేకుండా పోయింది.

టేపు ముక్క, గ్రీజు చుక్క

పెరూలో ఆ అదృష్టం కూడా దక్కలేదు. 1996 అక్టోబరు 2న లిమా నుంచి చిలీ రాజధాని శాంటియాగోకు బయల్దేరిన ఏరోపెరూ విమానం రాత్రివేళ సముద్రంలో కూలి 70 మంది మరణించారు. విమానాన్ని శుభ్రం చేసేటప్పుడు, ఎత్తునూ వేగాన్నీ లెక్కించేందుకు గాలి ఒత్తిడిని గ్రహించే రంధ్రాలపై అంటించిన టేపును తీయడం మరిచారు. రెక్క నీటిని తాకే క్షణంలోనూ మీటరు దాదాపు 9,700 అడుగుల ఎత్తు చూపింది! టేపు తీయని కార్మికుడికి శిక్ష పడింది. కానీ ఆ తర్వాత తనిఖీ చేయాల్సినవారి కళ్లకూ, బయల్దేరే ముందు విమానం చుట్టూ తిరిగి చూసినవారి కళ్లకూ అది కనిపించలేదన్నది మరువరాని నిజం.

2000 జనవరి 31న కాలిఫోర్నియా తీరాన పసిఫిక్‌లో కూలిన అలాస్కా ఎయిర్‌లైన్స్‌ విమానంలో 88 మంది అసువులు బాశారు. తోకభాగాన్ని కదిలించే మరకు చాలినంత గ్రీజు అందక దాని మరచుట్లు అరిగిపోయాయని అమెరికా దర్యాప్తు సంస్థ తేల్చింది. గ్రీజు పూసే గడువునూ, అరుగుదలను పరీక్షించే గడువునూ సంస్థ పెంచుకుంటూ పోగా ప్రభుత్వ నియంత్రణ విభాగం ఆమోదముద్ర వేసింది. అలాంటప్పుడు నేరం గ్రీజు పూసే చేతిదేనా, గడువు పెంచిన కలానిది కాదా?

దండన ఒక్కటే చాలదు

ఉద్దేశపూర్వక నిర్లక్ష్యాన్ని ఉపేక్షించాలని ఎవరూ అనరు. కానీ నిజాయతీగా తప్పు ఒప్పుకున్న ప్రతివారిపైనా వేటు వేస్తే, రేపు మరొకరు దాన్ని దాచిపెడతారు. దాచిన తప్పు గాలిలోనే బయటపడుతుంది. అలసట, ఒత్తిడి, సమాచార లోపం, నిర్లిప్తత వంటి 12 అంశాలు మెకానిక్‌లను తప్పుదారి పట్టిస్తాయని 1993లోనే కెనడా రవాణా శాఖ గుర్తించింది. అనేక దేశాల్లో వాటిపై శిక్షణ ఇస్తున్నారు.

ఇది మనకు దూరపు ముచ్చట కాదు. శంషాబాద్‌ విమానాశ్రయం వద్ద విమానాల మరమ్మతు కేంద్రాలు వెలిశాయి. 2025 నవంబరు 26న ప్రధాని మోదీ అక్కడే శాఫ్రాన్‌ సంస్థ ఇంజిన్ల మరమ్మతు కేంద్రాన్ని ప్రారంభించారు. తెలుగు యువతకు ఉపాధి అవకాశాలు పెరగడం హర్షణీయం. దానితోపాటు బాధ్యతా పెరుగుతుంది. ఎన్ని విమానాలు, ఎన్ని ఇంజిన్లు బాగుచేశారన్న లెక్కతోపాటు రాత్రి షిఫ్టులో ఎందరున్నారు, వారికి విశ్రాంతి దొరికిందా, కీలకమైన పనిని వేరొకరు సరిచూశారా అన్న లెక్కలూ యాజమాన్యాలు చూపాలి. పౌరవిమానయాన డైరెక్టరేట్‌ తనిఖీలు కాగితాల వద్దే ఆగక, తెల్లవారుజామున హ్యాంగర్ల దాకా వెళ్లాలి. మనిషన్నాక పొరబడక మానడు. ఆ పొరపాటు రన్‌వే దాటకుండా ఆపగల రెండో సంతకాన్ని ఖర్చుగా లెక్కించే సంస్థ, ప్రయాణికుల ప్రాణాలతోనే పొదుపు చేస్తున్నట్లు లెక్క!